పదిహేనో పన్ను

దయ్యాలను నమ్మే తీరిక నాకెప్పుడూ లేదు. చచ్చినవాటి ఎముకలతోనే నా ఉద్యోగం. కోట్ల ఏళ్ల కిందట పోయిన జీవాన్ని బల్ల మీద పెట్టుకుని పక్కనే టీ తాగే మనిషిని.

మాది మహారాష్ట్రలోని సోలాపూర్, తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్. రెండేళ్ల కిందట సెలవులకు ఇంటికి వస్తూ, నేను పనిచేసే మ్యూజియం నుంచి ఒక చిన్న డైనోసార్ దవడ ఎముక నమూనా తెచ్చుకున్నాను. నా చేత్తో పోత పోసిన ప్లాస్టర్ నమూనా. అది కొత్త జాతి అని నా నమ్మకం. వర్ణన రాసి, పేరు పెట్టి పత్రికకు పంపితే, పరిశీలించినాయన కొట్టిపారేశాడు. ఇదివరకే తెలిసిన జాతి పిల్ల అన్నాడు. ఆ జాతికి పద్నాలుగు పళ్లు, నా దవడలోనూ పద్నాలుగు గుంటలే. ఇంకో తేడా చూపించకపోతే పేరూ లేదు, నాలుగేళ్ల పని గంగపాలు.

మా మేనత్త మాతోనే ఉంటుంది. బీడీలు చుడుతుంది. కళ్లు టీవీ సీరియల్ మీద, వేళ్లు చేటలో. కట్టకు ఇరవై అయిదు, చూడకుండానే లెక్కపెడుతుంది. నా ఎరుకలో ఒక్కసారీ తప్పలేదు.

ఒక మధ్యాహ్నం నేను అన్నం తిని వచ్చేసరికి అత్త ఆ నమూనాను ఒడిలో పెట్టుకుని, సీరియల్ చూస్తూనే గుంటల మీద వేళ్లు పోనిస్తోంది.

"పదిహేను," అంది.

పద్నాలుగే అత్తా అని నవ్వాను.

"నీ చదువు మన్నుగాను! బరోబర్ లెక్కపెట్టు. ఆఖరుది ఇంకా లోపట్నే ఉన్నది, మొలుస్తున్నది. వేలికి తాకుతలేదా?"

నేనూ వేలు పెట్టి చూశాను. నున్నటి ప్లాస్టర్, గీత కూడా లేదు. పక్కింటి పవర్‌లూముల అదురుకు మా గచ్చు ఎప్పుడూ వణుకుతుంటుంది, అదే తగిలి ఉంటుందనుకున్నాను.

అయినా మనసు ఊరుకోలేదు. తిరిగి వెళ్లగానే అసలు ఎముకకు సీటీ స్కాన్ తీయించాను. ఆఖరి గుంట వెనక, ఎముక లోపల, బయటికి రాని పన్ను ఒకటి ఉంది. సరిగ్గా అత్త చూపించిన చోటే.

ఎముకలో ఉంటే ఉండవచ్చు. నమూనా పైరూపం మాత్రమే, లోపలంతా ముద్ద ప్లాస్టర్. దాంట్లో పన్ను ఎక్కడిది?

ఆ పన్నుతోనే పేపర్ ఒప్పుకున్నారు. ఎముక దొరికిన వాగు పేరు కలిసేలా పేరు పెట్టాను. అచ్చయ్యాక ఇంటికి వస్తే అత్త పట్టుబట్టింది. మా ఇళ్లలో బిడ్డ చెవిలో పేరు చెప్పేది మేనత్తే.

"నీకు పేరు పెట్టింది నేనే గదా. గీ బల్లికి సుత నేనే పెడ్త."

ఆ రోజు మగ్గాలకు సెలవు. పేటంతా నిశ్శబ్దం. అత్త నమూనాకు కుంకుమ బొట్టు పెట్టి ఒడిలోకి తీసుకుంది. దవడ చివర, చెవి ఉండాల్సిన వైపు వంగి, నోరు తిరగని ఆ పేరును మూడుసార్లు చెప్పింది. నాకు గర్వంతో కళ్లు చెమర్చాయి.

తర్వాత అలవాటు కొద్దీ గుంటల వరస మీద వేలు నడిపింది. ఆఖరి చోట ఆగింది. ముఖంలో నవ్వు పోయింది.

"బయటికొచ్చిందే," అంది మెల్లగా. చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ దాన్ని ముట్టలేదు.

నమూనా ఇప్పటికీ మా అల్మారాలో టవల్ చుట్టి ఉంది. అత్త వేలికి ఏం తగిలిందో నాకు తెలియదు. విప్పి చూస్తే అర నిమిషం పని. శాస్త్రం చదివినదాన్ని, చూడాలి. ఎనిమిది నెలలైంది. చూడలేదు.