కరెంటు గీసిన కొమ్మలు

పులివెందులలో ఒక టిఫిన్ హోటల్లో, గల్లాపెట్టె వెనక గోడ మీద ఆ చెక్కను మొదటిసారి చూశాను. మూరెడు వేపచెక్క. రెండు చివర్ల నుంచి నల్లటి చారలు బయల్దేరి, చీలి, మళ్లీ చీలి, నడుమ ఒకచోట కలుసుకున్నాయి. మా జమ్మలమడుగు దగ్గర నీళ్లు ఇంకిపోయాక పెన్న ఇసుకలో మిగిలే చారలు ఇలాగే ఉంటాయి. ఎవరు చెక్కారని అడిగాను.

"చెక్కింది కాదు సార్, కరెంటు పెట్టి కాల్చింది. ప్రొద్దుటూరులో మోటర్లు చుట్టే ఆయప్ప చేస్తాండాడు. ఇంకోటి పెద్దది చెప్పినా," అన్నాడు యజమాని.

ఆ ఆయప్ప నాకు తెలిసినవాడే. నేను జమ్మలమడుగు నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపే రోజుల్లో మా ఇంటి బోరు మోటరు రెండుసార్లు కాలిపోయి అతని షాపుకు వెళ్లింది. వరసేమీ లేకపోయినా నన్ను మామా అంటాడు. అతని భార్య అన్నా అంటుంది. షాపులో ఇద్దరూ కూర్చుని పని చేస్తారు. అతను రాగితీగ చుడితే, ఆమె మోటరు గాడుల్లో కాగితం దూర్చి, కాయిళ్లు కూర్చి, దారంతో బిగించి కడుతుంది.

చెక్క గురించి రాద్దామని ఫోన్ చేస్తే ఆమె ఎత్తింది.

"రా అన్నా. రాసేదానికి కాదు, మానిపిచ్చేదానికి రా. పాత మైక్రోవేవ్ ఓవెన్లో ట్రాన్స్‌ఫార్మర్ పీకి దాంతో ఆడుకుంటాండాడు. యాడో వీడియోలో సూసినాడంట. నేను చెప్తే ఇనడు. పేపరాయన చెప్తే ఇంటాడేమో."

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. మోటరు కరెంటు కొడితే చెయ్యి విదిలించుకుని బతికినవాళ్లు ఉన్నారు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు. విదిలించుకునే సమయం ఇవ్వదు.

మరునాడు మధ్యాహ్నానికి ప్రొద్దుటూరు చేరాను. షాపు నిండా వార్నిష్ వాసన. వచ్చిన పని నేరుగానే చెప్పాను. అతను నవ్వాడు.

"నీ పేపర్లో కరెంటు కొట్టి సచ్చినట్టు పడినోళ్లంతా కరెంటు తెలీనోళ్లు మామా."

"తెలిసినోళ్లే పోతారు," అంది ఆమె తల ఎత్తకుండా. "నువ్వు పోతే నీ ఫోటోకు ఆ చెక్కతోనే ఫ్రేమ్ కట్టిస్తా."

"కట్టించుకో. శానా బాగుంటాది." అంతలోనే అతని గొంతు మారింది. "ఇన్నేండ్లు మోటర్లు చుడితిని మామా. ఒక్కటన్నా కంటికి కనపడిందా? అన్నీ బోరులోకే పోతాయి. ఇదొక్కటి గోడకుంటాది."

ఒక్కసారి చూసి పొమ్మన్నాడు. చూస్తానన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తడిపిన చెక్కకు రెండు మేకులు, వాటికి ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు. రబ్బరు పట్ట మీద నిలబడి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని బల్లకింద స్విచ్ వేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ గుంయ్‌మంది. మేకుల చుట్టూ పొగ లేచింది. చెక్క మీద ఎర్రటి సన్నని మొన ఒకటి, చీమ నడిచినంత నిదానంగా, దారి వెతుక్కుంటూ సాగింది. ఆగింది. రెండుగా చీలింది. రెండో మేకు నుంచి ఇంకొకటి బయల్దేరింది. ఎటు పోతుందో అతనికీ తెలియదు. ఆమె కూడా పని ఆపి చూసింది. నేను ఫోన్ తీశాను.

రెండు మొనలు ఇంకా జానెడు దూరంలో ఉండగా కరెంటు పోయింది. గుంయ్‌మనే శబ్దం ఆగింది, నెత్తిన ఫ్యాను నెమ్మదించింది.

"ఈ టైములోనే పోవాల్నా," అని విసుక్కుంటూ అతను తొడుగులు ఊడదీసి చెమట తుడుచుకున్నాడు. గుడ్డముక్క తీసుకుని ముందుకు వంగి, ఒక చేత్తో ఒక మేకు పట్టుకుని, రెండో చేత్తో రెండో మేకుకు పట్టిన మసి తుడవసాగాడు. నేను ఫోటో తీశాను.

ఎదురుగా టైలరు షాపులో ఫ్యాను తిరగడం మొదలైంది.

అతను దాన్ని చూశాడు. తల ఎత్తి తన ఫ్యాను చూశాడు. అది తిరగలేదు. బల్లకింద స్విచ్ చూశాడు. వేసింది వేసినట్టే ఉంది. అప్పుడు తన చేతులు చూసుకుని, మేకుల మీది నుంచి ఒక్కొక్కటిగా తీశాడు.

ఆమె వాకిలి పక్క బోర్డు దగ్గర నిలబడి ఉంది. పింగాణీ ఫ్యూజు ఆమె గుప్పిట్లో ఉంది. స్తంభం ఎక్కే లైన్‌మెన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాడు, కిందివాళ్లు తెలియక తిరిగి పెట్టకుండా. ఆమె అదే చేసింది.

"ఎప్పుడు పీకితివి?" అన్నాడు.

"నువ్వు తొడుగులు ఇప్పినప్పుడే."

కరెంటు పోగానే స్టార్టరు ఆపకుండా మోటరు మీద చెయ్యి వేసి, అది తిరిగి రాగానే చనిపోయిన రైతులు ఈ జిల్లాలో ఎంతమందో. ఆ వార్త నాలుగు వాక్యాల్లో అయిపోయేది. ఊరు, పేరు, వయసు మారేవి. అన్నిసార్లు రాసిన నేను, ఫోన్లో వెలుతురు సరిపోయిందా లేదా అని చూసుకుంటున్నాను.

అతను స్టూలు మీద కూర్చున్నాడు. "మే, నీళ్లియ్యి."

ఆమె కదల్లేదు. "తీసేస్తావా, లేదా?"

"పులివెందులాయప్పకు మాటిచ్చినా గదా."

"ఆయప్పనే వచ్చి ఆ మేకులు పట్టుకోమను."

కాసేపటికి అతను ఉలి, సుత్తి తీసుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు ఊడదీసి దాన్ని కిందపెట్టి, కాలిపోయిన మోటరుకు చేసినట్టే, కాయిలును అంచు వెంబడి కోశాడు. వెంట్రుకంత సన్నని తీగ. పోగులు పోగులుగా లాగి గంపలో వేశాడు. ఆఖరి పోగు వచ్చేదాకా నిలబడి చూసి, ఆమె ఫ్యూజు పెట్టింది. మా ఫ్యానూ తిరిగింది. అప్పుడు నీళ్లిచ్చింది.

నేను లేచాను.

"ఫోటో తీస్తివి గదా మామా. ఏదీ?"

ఫోన్ ఇచ్చాను. రెండు చేతులూ రెండు మేకుల మీద ఉన్నాయి. వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఎడమపక్క కొమ్మ బాగొచ్చింది," అన్నాడు.

ఆమె ఫోన్ లాక్కుని నా చేతిలో పెట్టింది.