కొంగల కంట పడని గది

ఆ పరిశోధనశాలలో అందరూ అతన్ని పెట్టెల మేస్త్రి అనేవాళ్లు. బడిచదువు అంతంతమాత్రం. పని మాత్రం చూసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నాడు. జంతువుల నడవడిని పరిశీలించే సార్లకు కావలసిన కొయ్యసామాను చేయడం అతని ఉద్యోగం.

చేరిన కొత్తలో పెద్దసారుకు పిల్లిపెట్టెలు కావలసి వచ్చాయి. లోపల పిల్లి, బయట చేపముక్క. గడియ తీసుకుని పిల్లి ఎంతసేపటికి బయటపడుతుందో సారు చూసేవాడు.

"ఆలోచించి కాదయ్యా, తడుముకుంటూ నేర్చుకుంటుంది," అనేవాడు సారు.

"నేనూ అంతేగదండీ," అనేవాడు మేస్త్రి.

తర్వాత వచ్చినాయన ఎలుకలకు మలుపుల దారులు కట్టించాడు. ఎలుక బుర్రలో దారి పటం ఉంటుందని ఆయన వాదన. ఆ వెనకొచ్చినాయన దారుల్ని అటకెక్కించి, మీట నొక్కితే గింజ రాలే పెట్టె చేయించాడు. బుర్రలో ఏముంటే మనకెందుకు, చేసేది చూస్తే చాలన్నాడు. ఒకరు ఔనన్నది ఇంకొకరు కాదన్నారు. మేస్త్రి మాత్రం అందరి పెట్టెల మూలల్నీ వెంట్రుక దూరకుండానే కలిపాడు.

ఇప్పుడొచ్చిన మేడమ్ అసలు పెట్టెలే వద్దంది. "బోనులో జంతువు బోను బతుకే చూపిస్తుంది మేస్త్రిగారూ. మనమే వాటి చోటికి పోదాం."

మేస్త్రి పనిగదిని గోదాం చేద్దామని పైవాళ్లు అప్పటికే అంటున్నారు. "మరి నేనెందుకండీ ఇక్కడ?"

"ఒక్క పెట్టె కావాలి. అందులో ఉండేది మనం."

ఊరి బయట మడుగులో, రెల్లు మధ్య కొంగలు గుడ్లు పెట్టాయి. పిల్లలకు అవి మేతెలా పెడతాయో దగ్గరనుంచి చూడాలి. అందుకు మనిషి లోపల దాక్కుని చూసే మాటు ఒకటి కావాలి. అది కుదిరితే పనిగది నిలుస్తుంది, లేకపోతే లేదు.

మేస్త్రి తన పనితనమంతా అందులో పోశాడు. మంచి టేకు తెచ్చి అద్దంలా చిత్రికపట్టి, వార్నిష్ పూశాడు.

"మన బీరువా తలుపు ఊగులాడుతోంది, కొంగలకు మేడ కడుతున్నావా?" అంది భార్య.

"మేడ కాదే, మాటు."

"మాటు వేసేవాడు ఇంత ముస్తాబవుతాడా?"

అతను నవ్వేశాడు. తీరా మడుగు ఒడ్డున నిలబెట్టేసరికి నవ్వు ఎగిరిపోయింది. ఎండకు మాటు తళతళలాడింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. గుడ్లు ఎండలో ఉండిపోయాయి.

"లాగేయండి, లాగేయండి!" అంది మేడమ్. దాన్ని దూరంగా ఈడ్చుకుపోయాక, చాలాసేపటికి పక్షులు గూళ్లకు చేరాయి.

"అంత దగ్గర పెట్టించడం నాదే తప్పు," అంది మేడమ్.

"మీది కొంతేనండీ. మీరు మెచ్చుకోవాలని చేశాను. వాటికి కనబడకుండా చేయాల్సింది."

ఆ సాయంత్రమే రేవుకు పోయి, విరిగిన పడవ చెక్కలు అడిగి తెచ్చుకున్నాడు. వానకు నాని, ఎండకు ఎండి బూడిదరంగు తేలిన చెక్కలు. టేకు పలకలు ఊడదీసి వాటి చోట ఈ చెక్కలు బిగించాడు. పైన రెల్లు కప్పాడు. లోపల మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. మనిషి అటూఇటూ ఒరిగినా కూర్చునే బల్ల కిర్రుమనకూడదు. ఈసారి మాటును దూరంగా దించి, రోజూ కాస్త కాస్త ముందుకు జరిపారు. కొంగలు మెడలు నిక్కించి చూసేవి, మళ్లీ పొదిగేవి.

చివరికి లోపలికి వెళ్లే రోజు వచ్చింది.

"ఇద్దరం వెళ్దాం. ఒకరు బయటికి వచ్చేస్తే, లెక్క తెలియని కొంగలు లోపల ఎవరూ లేరనుకుంటాయి," అంది మేడమ్.

"ఉండేది మీరేగా?"

"మీరే. ఎక్కడ చప్పుడవుతుందో నాకంటే మీకే తెలుస్తుంది."

ఇద్దరూ లోపలికి వెళ్లాక ఆమె బయటికి వెళ్లిపోయింది. మేస్త్రి చెక్కల సందులోంచి చూస్తూ కూర్చున్నాడు. తల్లికొంగ దిగింది. గూట్లో తడి ఆరని పిల్ల తల ఊగిస్తూ దాని ముక్కును పట్టుకుంది. తల్లి వంగి మేత కక్కింది. మోకాలు పట్టేయడంతో మేస్త్రి కాలు చాపాడు. బల్ల కిక్కురుమనలేదు.

ఇంటికి వెళ్లి భార్యకు చెప్పాడు. "తల్లికొంగ నావైపోసారి చూసి, మళ్లీ పిల్లవైపు తిరిగింది."

"నిన్ను లెక్కచేయనందుకా ఇంత సంబరం?"

"అందుకేనే!"

మర్నాడు మేడమ్ పనిగదికి వచ్చింది. అవతలి ఒడ్డుకు ఇంకో మాటు కావాలట, ఇద్దరు పట్టేది. మేస్త్రి కొలబద్ద అందుకుని, ఆమెను బల్లమీద కూర్చోమని మోకాళ్ల దగ్గర ఎంత చోటు కావాలో చూశాడు.