పిలకలో కర్పూరం

నేను కాపురానికి వచ్చేసరికే మా ఆయన తలలో చుండ్రు కాపురం పెట్టేసింది. ఐనవిల్లి చుట్టుపక్కల ఆయనది పౌరోహిత్యం. ఉత్తరీయం మీద తెల్లగా రాలితే, "మీ అక్షింతలు మీరే వేసుకుంటున్నారేవిటండీ?" అనేదాన్ని. ఐదో తరగతితో బడి మానేసిన నోరు, దానికి అదుపెక్కడిది?

గుండు చేయించుకోమని మంగలి చెప్పాడు. "పిలక లేకపోతే నన్ను పీటల దగ్గరికి ఎవడు రానిస్తాడే?" అని ఆయన కొట్టిపారేశారు.

అత్తగారు గానుగ కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి, ముద్దకర్పూరం కరిగించి, కాసిని నీలగిరి తైలం చుక్కలు వేసి ఇచ్చేవారు. దురద తగ్గేది. కానీ నూనె కారి నుదుటి విభూతి చెరిగిపోతోందని ఆయన కొబ్బరినూనె మానేశారు. కర్పూరాన్ని నేరుగా నీలగిరి తైలంలోనే కరిగించి, పిలక తడిసేలా పట్టించడం మొదలుపెట్టారు.

"పళ్ళెంలోదీ కర్పూరమే, మీ నెత్తి మీదదీ కర్పూరమే. దేవుడు పొరబడతాడేమో చూసుకోండి," అన్నాను.

ఆయన నవ్వారు. అత్తగారు నవ్వలేదు. ఇంట్లో హారతి వేళకల్లా నీళ్ళచెంబుతో దేవుడి గది గుమ్మంలో నిలబడేవారు.

శ్రావణంలో ఒక రైతుగారింట్లో సత్యనారాయణ వ్రతానికి ఆయనతోపాటు నన్నూ పిలిచారు. బయలుదేరుతుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. "నీళ్ళచెంబు అందేలా కూర్చోవే అమ్మా. కబుర్లలో పడకు."

ముసురు పట్టి గాలి స్తంభించింది. కథ చదువుతున్నంతసేపూ ఆయన గోక్కుంటూనే ఉన్నారు. ముడి వదులైంది. హారతి వెలిగించి వంగారు. పిలక భుజం మీదుగా ముందుకి జారింది.

"ఏవండీ!" అనేలోపే భగ్గుమంది.

చెంబెడు నీళ్ళూ కుమ్మరించాను. పిలక ఆరింది. పళ్ళెంలో హారతీ ఆరింది. ఇంటి పెద్దావిడ ఆ తడి పళ్ళెం చూస్తూ మనవణ్ణి ఒళ్ళోకి లాక్కున్నారు.

"మళ్ళీ వెలిగిస్తానండీ," అన్నారాయన.

"ఎందుకులెండి. ఇంటికెళ్ళి పడుకోండి, ఆయ్," అన్నారు రైతుగారు ఎంతో మెత్తగా.

వాళ్ళ మేనకోడలి పెళ్ళికి ముహూర్తం పెట్టించుకోడానికి రైతుగారు ఆ సాయంత్రమే మా ఇంటికి రావాలి. పంచాంగం ముందు పెట్టుకుని ఆయన అరుగు మీద కూర్చున్నారు. కాలినచోట ఉత్త కొబ్బరినూనె రాస్తుంటే ఉలకలేదు. వీధిలో చెప్పుల చప్పుడైనప్పుడు మాత్రం తలెత్తారు.

రైతుగారే, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. మా అరుగు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ మాటలు ఆపి, అవతలి వీధి పంతులుగారింటి వైపు తిరిగారు.

"సరిగ్గా కూర్చోండి, నూనె కారుతోంది," అన్నాను. ఆయన పంచాంగం మూసేశారు.