మా బావ చేతిల ఇసుక

మా అక్క పెనిమిటి కరీంనగర్ల బీడు పోత పని, అంటే ఇనుము కరిగిచ్చి అచ్చులల్ల పోసే పని చేసేటోడు. ఊరి అవుతల ఒక పెద్ద రేకుల షెడ్డు, అండ్ల భట్టి, నల్ల ఇసుక కుప్పలు, ఇనుప పెట్టెలు. సిరిసిల్లల మరమగ్గాలను మేం సాంచాలంటం. ఆ సాంచాలకు కావాల్సిన పండ్ల చక్రాలు ఆ షెడ్డుల తయారయ్యేటియి. నేను దుబాయి నుంచి వాపస్ వచ్చి పని లేక ఇంట్ల కూసున్న రోజులల్ల మా బావనే నన్ను అండ్లకు తోల్కపోయిండు.

"అక్కడ ఏం పని చేసినవ్ రా?" అని తొవ్వల అడిగిండు.

"ఫైబర్ పని బావా. నీళ్ళ ట్యాంకులు, తలుపులు. అచ్చుకు మైనం రాసి, గాజు నారతోని చేసిన చాపలు పరిచి, మీద రెజిన్ అనే జిగురు పూస్తం. అది గట్టిపడ్డంక అచ్చుల నుంచి ఊడదీస్తం."

"అయితే ఇదీ అచ్చు పనే. ఇక్కడ జర వేడెక్కువ, గంతే" అన్నడు.

జర కాదు, శానా ఎక్కువ. కానీ పని నాకు నచ్చింది. చెక్కతోని చేసిన నమూనా చక్రాన్ని ఇనుప పెట్టెల పెట్టి, చుట్టూ నల్ల ఇసుక పోసి దిమ్మిసతోని దట్టించాలె. మీద ఇంకో పెట్టె పెట్టి అండ్లను సుత దట్టించాలె. తర్వాత మీది పెట్టె లేపి, నమూనాను మెల్లగ బయటికి తీస్తే ఇసుకల దాని ఆకారం మిగుల్తది. మళ్ళ పెట్టెలు రెండు కలిపి, పైన విడిచిన బొక్కలకెళ్ళి కరిగిన బీడు పోస్తే లోపటి ఖాళీ నిండుతది. సల్లారినంక ఇసుక పగలగొడితే చక్రం బయటపడ్తది. వినేటందుకు ఇంతే. చేసేకాడ అంతా ఇసుకల ఉంటది.

మా బావ పొద్దున రాంగనే ఇసుక కుప్పకాడికి పోయి ఒక పిడికెడు తీసి గట్టిగ పిసికేటోడు. చెయ్యి విప్పితే ఇసుక మీద వేళ్ళ గీతలు అచ్చుపడాలె, ముద్దను విరిస్తే నీట్‌గ రెండు తునకలు కావాలె. అరచేతికి అంటుకుంటే నీళ్ళు ఎక్కువైనట్టు, రాలిపోతే తక్కువైనట్టు. నాకు చానా రోజులు ఆ తేడా పట్టుబడలే. మా బావ నా చెయ్యి పట్టుకోని, నా పిడికిలి మీద తన పిడికిలి బిగించి చూపిచ్చేటోడు. మాటలు తక్కువ మనిషి. నవ్వితే మాత్రం షెడ్డంత వినబడేది.

ఆ ఏడు వానలు గట్టిగ పడ్డయ్. ఒక దినం పొద్దున ముసురు తెరిపిచ్చింది. ముందురోజే దట్టించిన పెట్టెలు వరుసగ పెట్టి ఉన్నయ్. భట్టి రాజేసిన్రు. ఎనుక దిక్కున ఒక పెట్టె మీద రేకు సందునుంచి నీళ్ళు కారి, లోపటికి దిగి ఉండె. పైపైన ఆరిపోయింది గనుక చూస్తే ఎవలికీ తెలువది.

కరిగిన బీడు ఉన్న కుండకు రెండు దిక్కుల పొడుగు కాడలుంటయ్. ఒక దిక్కు నేను, ఒక దిక్కు మా బావ. ఒక్కో పెట్టె నింపుకుంట పోతున్నం. ఒక బొక్కల పోస్తుంటే రెండో బొక్కల బీడు పైకి రావాలె, అట్ల వస్తే నిండినట్టు. ఆ నీళ్ళు దిగిన పెట్టెల పోసినం, రెండో బొక్కల బీడు రాలే. మా బావ వంగి చూసిండు.

లోపటి తడి ఆవిరై గుడగుడమన్నది. అంతలనే బీడు వాపస్ ఎగజిమ్మింది.

నాకు ఇప్పటికీ కండ్ల ముందట ఉండేది ఆ మంట కాదు, మా బావ చేసిన పని. నిప్పు మొహం మీద పడ్డది, అయినా చేతులల్ల ఉన్న కాడ ఇడిసిపెట్టలే. ఇడిసిపెడితే కుండ ఒరిగి, అండ్ల మిగిలిన బీడంత నా కాళ్ళ మీద పడేది.

"దించు బామ్మర్ది. మెల్లగ కిందికి దించు" అన్నడు.

ఇద్దరం దించినం. కుండ నేల మీద సక్కగ కూసున్నంకనే ఆయన చేతులు మొహం మీదికి పోయినయ్. అట్లనే కింద కూలబడ్డడు.

కరీంనగర్ దవాఖాన్ల చూసి హైదరాబాద్ తీస్కపొమ్మన్నరు. అక్కడ చానా దినాలు ఉన్నం. ఎడమ కన్ను తీసేసిన్రు. కుడి కన్ను ఉన్నది గని, అండ్ల ఎలుతురు చీకటి తప్ప ఏం తెలుస్తలేదు. కట్టు విప్పిన దినం మా అక్క మంచం పక్కన నిలవడి, "నేను కనబడ్తున్ననా?" అని అడిగింది.

మా బావ మొహం అక్క దిక్కు తిప్పిండు. "నువ్వు ఎటున్నవో ఎరుకైతుంది" అన్నడు.

అక్క బయటికి వచ్చి నా బుజం పట్టుకోని నిలవడ్డది. ఏడ్వలే. ఆ పట్టు ఎంత గట్టిగ ఉండెనంటే సాయంత్రం దాక నా బుజం నొచ్చింది.

ఇంటికి వచ్చినంక మా బావ గోడకు ఆనుకోని కూసునేటోడు. రేడియో పెడితే బంద్ చెయ్యమనేటోడు. ఎవలన్న పలకరిచ్చనీకె వస్తే నిద్ర వస్తున్నదని అటు తిరిగి పండుకునేటోడు. చేతులు మాత్రం ఒక్కతాన ఉండకపోయేటియి. దుప్పటి అంచు పట్టి పిసికేటోడు, ఇడిసిపెట్టేటోడు, మళ్ళ పిసికేటోడు. వాళ్ళకు పిల్లలు కాలే. ఇంట్ల ఇద్దరే. ఆ చేతులను చూసుకుంట మా అక్క ఎన్ని దినాలు కూసున్నదో నాకు తెలువదు.

ఒకనాడు అక్క షెడ్డుకు వచ్చింది. పని ఇడిసే యాళ్ళ. నన్ను జర ఇసుక ఇయ్యమన్నది. ఎందుకని అడగలే, ఒక కవర్ల పోసి ఇచ్చిన. ఆమె ఎనుకనే ఇంటికి పోయిన. అక్క ఆ ఇసుక తీసుకపోయి మా బావ చేతిల పోసింది.

బావ పిడికిలి బిగించిండు. విప్పి, బొటనవేలుతోని ముద్ద మీద రాసి చూసిండు.

"ఎవడు కలిపిండు గిది?" అన్నడు.

"నేనే బావా" అన్న.

"పొడిగున్నది. గిట్లయితే చక్రం పండ్లు రాలిపోతయ్ రా."

మర్నాడు పొద్దున అక్క చెయ్యి పట్టుకోని షెడ్డుకు వచ్చిండు. షెడ్డు ఓనరు సేటు మొదలు భయపడ్డడు. "మళ్ళ ఏమన్న అయితే నేను ఏం చెయ్యాలె అక్కా?" అని మా అక్కనే అడిగిండు. "పోతకాడికి రానియ్య. దట్టించుడే ఆయన పని. పక్కన నేనుంట" అన్నది అక్క. సేటు సరే అన్నడు.

అట్ల మా అక్క ఆ షెడ్డుల పనికి వచ్చింది. బావ ఇసుక దట్టిస్తే, అక్క పెట్టె లేపి నమూనా తీసేది. బావ వంగి, చూపుడు వేలు కొనతోని లోపటి ఆకారమంత తడిమేటోడు. ఇసుకకు తాకీ తాకనట్టు, పసిపిల్ల చెంప మీద వేలు పెట్టినట్టు. ఎక్కడన్న అంచు ఇరిగితే అక్కడ ఆపి, "గిక్కడ" అనేటోడు. అక్క సన్న తాపీతోని సరిచేసేది. పోతపోసే యాళ్ళకు అక్క ఆయనను షెడ్డు బయటికి తోల్కపోయి నిలవెట్టేది. పోసుడు అయిందాక ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకోని ఉండేటోళ్ళు. మేం అయిపోయిందని పిలిస్తేనే లోపటికి వచ్చేటోళ్ళు.

ఆ రోజులల్ల మా బావ మళ్ళ నవ్వేటోడు. కండ్లున్నప్పటి నవ్వు కాదు గని, నవ్వేటోడు.

తర్వాత సిరిసిల్లల కొత్త రకం సాంచాలు వచ్చినయ్. వాటి సామాన్లు బయటి రాష్ట్రాలకెళ్ళి తయారై వచ్చేటియి. మా చక్రాలు అడిగేటోళ్ళు తగ్గిపోయిన్రు. భట్టి దినాం రాజేసుడు పోయి అప్పుడొకసారి ఇప్పుడొకసారి అయింది. చివరికి సేటు అందరిని కూసోవెట్టి, ఇగ నడుపుడు నాతోని కాదన్నడు. చెప్పుకుంట ఆయననే ఏడ్చిండు. పెట్టెలు పాత ఇనుముకు పోయినయ్. ఇసుక కుప్ప మాత్రం ఎవలూ కొనలే. వానలకు అది కొంచెం కొంచెం కొట్టుకపోయింది.

నాకు హుజూరాబాద్ దిక్కు ఒక ఫైబర్ షెడ్డుల పని దొరికింది. దుబాయిల చేసిన పనే గనుక తొందరగనే కుదిరిన. అక్కడి ఓనర్‌ను బతిమిలాడి మా బావను సుత తెచ్చిన. అచ్చు పనే గదా, చేతులతోని చేసేదే గదా, ఆయనకు ఒస్తది అనుకున్న.

కానీ ఆ పని వేరే. గాజు నార చర్మానికి గుచ్చుకుంటది. రెజిన్ తగిలితే మండుతది. చేతులకు రబ్బరు తొడుగులు లేకుంటే ఎవలనూ పని ముట్టనియ్యరు. మా బావ తొడుగులేసుకోని అచ్చు మీద చాప పరిచిండు. బ్రష్షుతోని రెజిన్ పూసిండు. కింద గాలి బుడగలు మిగిలితే రోలరుతోని ఒత్తి తియ్యాలె. కండ్లున్నోళ్ళకు బుడగ తెల్లగ కనబడ్తది. ఆయన తొడుగు మీదికెళ్ళి తడిమి తడిమి చూసిండు. ఏం తెలువలే. ఎవలూ చూస్తలేరనుకోని తొడుగులు తీసేసి ఉత్త చేతులతోని తడిమిండు. రెజిన్ అంటుకున్నది. ఇంటికి పోయినంక చేతులు ఎర్రగ పొక్కినయ్. కొన్ని దినాలకు వేళ్ళ కొనలు పగిలి, తోలు మొద్దుబారింది.

అక్క కొబ్బరి నూనె రాస్తుంటే నేను ఎదురుంగ కూసున్న.

"ఇగ నేను రాను రా" అన్నడు బావ.

"కొన్ని దినాలు ఆగితే అలవాటైతది బావా."

"అలవాటైతదేమో. కానీ చెయ్యి సచ్చిపోతది. నాకు ఉన్నయే గివి. వీటిని సుత పోగొట్టుకోని ఏం జేయాలె?"

ఆయన మాటల తప్పేం లేదు గద.

మళ్ళ ఆ గోడకే వచ్చి కూసున్నడు. ఈసారి అక్క ఇసుక తెచ్చియ్యలే. తెచ్చి ఏం చేస్తది, పోసేటందుకు భట్టి ఎక్కడున్నది? బావకు దగ్గు మొదలైంది. ఏండ్లకొద్ది మింగిన పొగ, దుమ్ము అన్నరు డాక్టర్లు. మనిషి సన్నబడ్డడు. మాట ఇంక తగ్గింది. చలికాలంల ఒక దినం పొద్దుగాల, అక్క చాయ్ తీసుకపోయి ఇస్తుంటే గిలాస పట్టుకున్నడట, తాగలేదట. గోడకు అట్లనే ఆనుకోని పోయిండు.

పదొద్దుల నాడు షెడ్డుల పనిచేసినోళ్ళు అందరొచ్చిన్రు. సేటు వచ్చి దూరంగ నిలవడ్డడు. ఒకాయన నా దగ్గరికి వచ్చి, "మీ బావ కుండ ఇడిసిపెట్టి ఉంటే నీకు ఈ కాళ్ళు ఉండేటియి కావు తెలుసా" అన్నడు. తెలుసన్న. నాకు దినాం తెలుసు.

అక్కను మా ఇంట్ల ఉండమని నేను, నా పెండ్లాం మస్తు అడిగినం. రాలే. ఉత్తగ కూసుంటే పిచ్చి లేస్తదని మా ఫైబర్ షెడ్డులనే పనికి కుదిరింది. గట్టిపడ్డ తలుపుల అంచులు మిషన్‌తోని గీకి సాపు చేస్తది. తన పని తను చేసుకుంటది, సాయంత్రం బస్సెక్కి పోతది.

ఐతారం ఐతారం నేను ఆమె ఇంటికి పోత. మొన్న పోతే చాటల బియ్యం ఏరుకుంట, తల ఎత్తకుంటనే అన్నది:

"తమ్మీ, ఆయన మొహం మంచిగ యాదికున్నది. గొంతు యాదికొస్తలేదు. ఎంత అనుకున్నా వస్తలేదు."

"నాకు యాదికున్నదక్కా" అన్న.

"ఎట్లుండె?"

చెప్పనీకె చూసిన. పొద్దున పనికి పోయేటప్పుడు గల్లీ మలుపుకాడ నిలవడి నన్ను పిలిచే తీరు, పేరును సాగదీసి చివరికి దగ్గినట్టు అనుడు, అంతా చెప్పిన. పిలిచి సుత చూపిచ్చిన. నా గొంతు ఆయన గొంతు లెక్క లేదు, ఎట్లుంటది. అయినా అక్క చాటను ఒళ్ళె పెట్టుకోని విన్నది.

"ఇంకోసారి అను" అన్నది.

ఇంకోసారి అన్న.

అక్క కండ్లు తుడుచుకోని, బియ్యం కడగనీకె లోపటికి పోయింది.