సవరణలు: లేవు

ఆ కంప్యూటరు పత్రిక చివరి పేజీలో, కింద కుడి మూలన అగ్గిపెట్టెంత గడి ఒకటి ఉండేది. అందులో ప్రతి నెలా ఒకటే ముక్క: "గత నెల ప్రోగ్రాములో సవరణలు: లేవు." పాఠకులెవరూ దాన్ని పట్టించుకునేవారు కారు. ఆవిడ మాత్రం పత్రిక ఇంటికి రాగానే ముందు ఆ గడే చూసేది. ఆ ముక్క తనదే అనుకునేది. అనుకోవడంలో తప్పేమీ లేదు.

అచ్చాఫీసు మేడ మీద ఒక్క గదిలో మొదలైన పత్రిక అది. ఎడిటరు గారు, ఒక టైపిస్టు, ఆవిడ భర్త, అంతే. కంప్యూటరంటే పెద్దాఫీసుల్లో చల్లటి గదిలో దాచే వస్తువనుకునే రోజులవి. పత్రిక నెలకో ప్రోగ్రామును మొదటి లైను నుంచి చివరిదాకా అచ్చు వేసేది. పత్రిక కొన్నవాళ్ళు పేజీ ముందు పెట్టుకుని ఒక్కో లైనూ చూసి మిషనులో కొట్టుకోవాలి. చుక్క తప్పితే మిషను మొరాయిస్తుంది. మిగతా పత్రికల్లో వచ్చేవి సగం పనిచేసేవే కావు. ఇందులోది కొట్టింది కొట్టినట్టు నడిచేది. అందుకే బడిపంతుళ్ళూ, టైపు నేర్పేవాళ్ళూ, రేడియోలు బాగుచేసేవాళ్ళూ దీన్నే నమ్ముకున్నారు. దీన్ని చూసే పని నేర్చుకుని నాలుగు మెతుకులు తింటున్నామని రాసేవాళ్ళ ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చేవి.

ఆ నమ్మకమంతా ఆవిడ వంటింటి బల్ల మీద తయారయ్యేది. ఆవిడ చదివింది ఐదో తరగతి. పుట్టిన బిడ్డ మూడోనాడే పోయిన ఏడు, ఆవిడ పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటుంటే, భర్త, అచ్చుకెళ్ళే ముందు తప్పులు దిద్దాల్సిన ప్రూఫు కాగితాలు తెచ్చి ముందు పెట్టాడు.

"ఇదిగో, నువ్వు పైకి చదువు. నేను అసలు కాగితంతో సరిచూస్తాను."

"నాకేం తెలుసండీ ఇందులో?"

"తెలియకపోవడమే కావాలి. తెలిసినవాడు ఉండాల్సింది చదివేస్తాడు. నువ్వైతే ఉన్నది చదువుతావు."

ఆవిడ ఇంగ్లీషు అక్షరాలు పట్టుదలగా నేర్చుకుంది. గుర్తులకు మాత్రం పేర్లు తనే పెట్టుకుంది. బ్రాకెట్ల వంకర గీతలు కొడవళ్ళు. నక్షత్రం పువ్వు. చుక్క కింద తోక ఉంటే తోకచుక్క. ఆదివారం భోజనాలయ్యాక "కొడవలి తెరువు, పువ్వు, కొడవలి ముయ్యి, తోకచుక్క" అంటూ మొదలుపెట్టేది.

"పొలం కోస్తున్నావా, ప్రోగ్రాము చదువుతున్నావా?" అని ఆయన నవ్వేవాడు. ఆవిడా నవ్వేది. ఆ ఇంట్లో నవ్వు మళ్ళీ వినిపించింది ఆ బల్ల దగ్గరే. అలా పదకొండేళ్ళు గడిచాయి.

ఆ ఆదివారం టీవీలో ఆట వస్తోంది. అసలు కాగితం ఆయన చేతిలోనే ఉంది కానీ కళ్ళు అందులో లేవు. ప్రోగ్రాములో లైన్లకు పది, ఇరవై, ముప్పై అని నంబర్లుంటాయి. ఆవిడ చదువుతూ చదువుతూ ఆగింది.

"రెండొందల ఇరవై అయిందండీ. తర్వాత నలభై ఉంది. ముప్పై లేదు."

"ఒక్కోసారి వదిలేస్తారులే. కానియ్యి."

"మీ కాగితం ఒక్కసారి చూడండి."

"అబ్బబ్బ, కానియ్యమన్నానా!"

ఆవిడ కానిచ్చింది.

అది చుట్టాల, స్నేహితుల చిరునామాలు దాచుకునే ప్రోగ్రాము. పోయిన లైను, "అన్నీ చెరిపెయ్యమంటారా?" అని అడిగే లైను. అది లేక మిషను అడక్కుండానే చెరిపేసింది. జనం రోజుల తరబడి ఎక్కించుకున్న పేర్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఈసారి గోనెసంచి నిండా తిట్లే.

తర్వాతి సంచిక ఇంటికి రాకముందే పక్కింట్లో బట్టలు కుట్టే ఆమె దాన్ని పట్టుకుని వచ్చింది. వాళ్ళ తమ్ముడు రేడియోలు బాగుచేస్తాడు, పత్రిక విడవకుండా కొంటాడు.

"చూశావా వదినా, మీవాళ్ళ ఆఫీసులో ఎవరో అక్షరమ్ముక్క రాని మనిషిని పెట్టుకున్నారట! మా తమ్ముడు ఒకటే నవ్వు. అన్నయ్యగారు ఎలా వేగుతున్నారో పాపం."

ఆవిడ పత్రిక అందుకుని చివరి పేజీ తీసింది. అగ్గిపెట్టెంత గడి ఈసారి అరచెయ్యంత అయింది. "గత నెల ప్రోగ్రాములో 230వ లైను తప్పిపోయింది. తగిన చదువు లేని వ్యక్తిచేత ప్రూఫు చదివించడమే ఇందుకు కారణం. ఇకమీదట అలా జరగదు. పాఠకులు మన్నించాలి."

ఉన్నది ఉన్నట్టు చదవడం అలవాటైన మనిషి. మళ్ళీ చదివింది. అదే ఉంది.

సాయంత్రం భర్త రాగానే అడిగింది.

"ఆ గడిలో ముక్క ఎవరు రాశారండీ?"

ఆయన చెప్పులు విప్పడానికి చాలాసేపు పట్టింది. "నేనే. ఎడిటరు గారు కారణం రాసిమ్మన్నారు. ఎవరో ఒకరి మీద వెయ్యాలి కదా. అయినా నీ పేరు వెయ్యలేదుగా?"

"ముప్పై లేదని చెప్పాను."

"చెప్పావులే. ఆ సంగతి రాస్తే నా ఉద్యోగం ఉంటుందా?"

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట. ఇన్నాళ్ళూ నేను మీ మద్దెలనని తెలియలేదు."

"ఊరుకో, అంతేసి మాటలెందుకు? ఇప్పుడు నీకేం పోయిందని?"

ఏం పోయిందో ఆయనకు తెలియదనుకుంటే ఆవిడకు కొంత తేలిగ్గా ఉండేది. కానీ బిడ్డ పోయిన ఏడు ఆ కాగితాలు తెచ్చి ముందు పెట్టింది ఆయనే.

ఆదివారం భోజనాలయ్యాక ఆయన ఏమీ ఎరగనట్టే బల్ల మీద ప్రూఫులు పరిచాడు.

"రా, మొదలుపెట్టు."

ఆవిడ కంచాలు తుడుస్తోంది. "నేను చదవకూడదండీ."

"ఇంకా అలకేనా?"

"అలకేం కాదు. ఇకమీదట అలా జరగదని అచ్చు వేశారుగా. అచ్చులో తప్పు పడితే ఎలా?"

ఆయన నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. కాసేపటికి ఒక్కడే చదవసాగాడు. గబగబా, వచ్చిన పద్యం అప్పజెప్పినట్టు చదువుతున్నాడు. ఉండాల్సింది చదువుతున్నాడని కంచాలు తుడుస్తున్న ఆవిడకు వినిపిస్తూనే ఉంది.

మరుసటి నెల గడిలో రెండు సవరణలు పడ్డాయి. పై నెల ఐదు. ఏడాది తిరక్కుండా ఆ గడి తీసేశారు. ఇంకో రెండేళ్ళకు ప్రోగ్రాములే ఎత్తేసి, ఆ పేజీల్లో రంగు రంగుల ప్రకటనలు నింపారు.

ఇరవయ్యో ఏట పత్రిక తన చరిత్ర తనే వేసుకుంది. మేడ మీది గది, గోనెసంచుల ఉత్తరాలు, ఎడిటరు గారి పక్కన ఆవిడ భర్త ఫొటో. కాలం మారిందనీ, ప్రోగ్రాములు కొట్టుకునే ఓపిక పాఠకులకు తగ్గిందనీ రాశారు.

ఆవిడ మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఇందులోనూ ఒక లైను లేదు. ఈసారి ఎవరికీ చెప్పలేదు.