అప్పలసూరి మళ్ళీ దిగాడు

అప్పలసూరికి సైకిలు ఎక్కడం వచ్చు, తొక్కడం వచ్చు, దిగకుండా ఉండటం మాత్రం రాదు. తెలిసిన మనిషి ఎదురైతే చాలు, కాలు నేలమీద ఉంటుంది. "ఏటి మావా, బాగున్నావేటి?" అని మొదలుపెట్టాడంటే అవతలివాడి గేదె ఈత నుంచి అల్లుడి ఉద్యోగం దాకా కనుక్కుంటేగానీ మళ్ళీ ఎక్కడు. కంటోన్మెంటులో పిండిమర నడిపే మనిషికి విజయనగరంలో తెలియనివాళ్ళెవరుంటారు?

దీనికో కథ ఉంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆయనే చెబుతాడు. కుర్రతనంలో గరివిడి అవతల ఓ ఊరికి సైకిలు మీద పెళ్ళిచూపులకు వెళ్తుంటే దారిలో ఓ పెద్దాయన ఎదురయ్యాడు. పెద్దవాళ్ళు ఎదురైతే సైకిలు దిగడం అప్పటి మర్యాద. మనవాడు తొందరలో బెల్లు కొట్టి మరీ దూసుకుపోయాడు. తీరా వెళ్ళి కూర్చున్నాక ఆ పెద్దాయనే చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. పెళ్ళికూతురి తండ్రి! ఉప్మా రాకముందే సంబంధం తప్పిపోయింది. "ఎవుడు మావ అవుతాడో మనకేటి తెలుస్తాది? దిగిపోతే ఓ పనైపోద్ది" అంటాడు అప్పలసూరి. వేరే పెళ్ళయి మనవల్ని ఎత్తుకున్నా ఆ జాగ్రత్త పోలేదు.

అలాంటి మనిషి సైకిల్ క్లబ్బులో చేరాడు. ఆదివారం పొద్దున్నే కోట దగ్గర బయల్దేరి, గంటస్తంభం, ఎత్తుబ్రిడ్జి మీదుగా ఊరు చుట్టి మళ్ళీ కోట దగ్గరికి రావాలి. క్లబ్బు అధ్యక్షుడు గిరిబాబుకి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, మెడలో విజిల్ ఉంది, ఓపిక లేదు. అందరూ వస్తేగానీ గ్రూపు ఫొటో తియ్యరు. అందుకే ప్రతి ఫొటోలోనూ అందరి మొహాలూ ఎండకి మాడిపోయి ఉంటాయి, అప్పలసూరి ఒక్కడే నవ్వుతుంటాడు.

ఆఖరున వచ్చినవాళ్ళకి అందరూ చప్పట్లు కొట్టాలన్నది గిరిబాబు పెట్టిన ఆచారం. ప్రోత్సాహమట. ఆ చప్పట్లంటేనే కృపారాణి టీచరుకి హడల్. షుగరుకి సైకిలు మంచిదని డాక్టరు చెబితే, నలభై దాటాక చర్చి కాంపౌండులో పడుతూ లేస్తూ నేర్చుకుందామె. ఆరాధనకు ముందు ఓ గంట తొక్కుదామని క్లబ్బులో చేరింది. లెక్కల్లో ఆఖరున నిలిచిన పిల్లలకి క్లాసులో తను కొట్టించిన ప్రోత్సాహపు చప్పట్లు ఆమెకి బాగా గుర్తు. అప్పుడు ఆ పిల్లల మొహాలు ఎలా ఉండేవో ఇంకా బాగా గుర్తు.

"ఒక్కసారి నాకా చప్పట్లు పడ్డాయంటే సైకిలు అమ్మేస్తాను" అని భర్త విక్టరుతో చెప్పేసింది.

"కొనేవోణ్ణి సూసి ఉంచుతాలే" అన్నాడు విక్టరు.

ఇంతవరకూ ఆ అవసరం రాలేదు. ఆమె ఎంత వెనకబడినా, దారిలో ఎవరితోనో మాట్లాడుతూ అప్పలసూరి ఇంకా వెనక ఉండేవాడు. ఆ మనిషి నోటిని పుట్టించినందుకు ఆమె ప్రతి ఆదివారం ప్రార్థనలో దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునేది.

ఓ ఆదివారం గిరిబాబుకి తిక్కరేగింది.

"మావా! ఇయ్యాల నువ్వు దారిలో దిగేవంటే క్లబ్బులోంచి కూడా దిగిపోవడమే. సెప్పలేదనకు."

"దిగనులే అల్లుడా. నీమీదొట్టు."

"నామీదెందుకు? నీమీద పెట్టుకో!"

"నేను పోతే పిండిమర ఎవుడు సూస్తాడు?"

అందరూ నవ్వారు. కృపారాణికి మాత్రం నవ్వు రాలేదు. ఈయన దిగకపోతే ఆఖరు ఎవరో తేల్చడానికి లెక్కల టీచరే అక్కర్లేదు.

గంటస్తంభం దగ్గర కూరగాయల చిన్నతల్లి, "సూరి బావా!" అని కేకేసింది. అప్పలసూరి ఆగలేదు. "ఒసే, ఒట్టేసినానే! రేపు మాటాడతాను!" అంటూ వెళ్ళిపోయాడు. చిన్నతల్లి చేతిలో వంకాయ చేతిలోనే ఉండిపోయింది. "బావకి ఒంట్లో బాగోలేదేటి?" అని పక్కామెని అడిగింది.

ఎత్తుబ్రిడ్జి ఎక్కేసరికి కృపారాణికి ఆయాసం ముంచుకొచ్చింది. గుంపు ఎప్పుడో దాటిపోయింది. ముందు అప్పలసూరి వీపు ఒక్కటే కనిపిస్తోంది, అదీ దూరమైపోతోంది. సైకిలుకి ఎంత ధర వస్తుందా అని ఆలోచనలో పడిందామె. అంతలో అప్పలసూరి ఒక్కసారి వెనక్కి చూశాడు. చూసి, దిగిపోయాడు.

బ్రిడ్జి అంచున ఆగిన లారీ పక్కన డ్రైవరు మొహం కడుక్కుంటున్నాడు.

"ఏటి మావా, బాగున్నావేటి! గేదె ఈనిందా?"

డ్రైవరు తెల్లమొహం వేశాడు. కృపారాణి బతుకుజీవుడా అనుకుంటూ వాళ్ళని దాటింది. కాస్త ముందుకెళ్ళి ఊపిరి తీసుకుందామని ఆగితే వెనకనుంచి మాటలు వినిపించాయి.

"ఎవులు బాబూ నువ్వు? మాది సాలూరు. నాకు గేదె నేదు."

"నేదా? పోనీ అల్లుడు?"

"నాకింకా పెళ్ళే అవనేదు!"

"అలాగేటి! మరి సంబంధాలు సూస్తన్నారా?" అంటూనే అప్పలసూరి టీచరు దాటిందో లేదోనని తొంగిచూశాడు. చూస్తే, టీచరు తనవైపే చూస్తోంది.

కృపారాణికి అప్పటికి లెక్క తేలింది. ఈయన ప్రతివారం దిగే చోట్లన్నీ తనకి ఆయాసం వచ్చే చోట్లే. ముందు రోషం వచ్చింది, తరవాత నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళు చెమ్మగిల్లాయి.

"నువ్వెల్లిపో టీచరమ్మా. ఈ మావతో నాకు పనున్నాది."

"గేదె లేని మావతోనా?"

అప్పలసూరి నీళ్ళు నమిలాడు. "ఎదురైనోళ్ళకి దిగాలి కదమ్మా."

"నేను మీకు ఎదురు రావట్లేదు బాబాయ్, వెనకాల వస్తున్నాను."

"ఎనకాలొచ్చినోళ్ళు మనోళ్ళు కాదేటి?"

ఇద్దరూ మళ్ళీ సైకిళ్ళెక్కారు. ఆమె ముందు, ఆయన వెనక.

కోట కనిపించింది. గుంపు ఎదురుచూస్తోంది, గిరిబాబు విజిల్ పట్టుకుని నిలబడ్డాడు, విక్టరు కూడా వచ్చాడు. వాళ్ళకి ఇంకాస్త దూరంలో ఉండగానే కృపారాణి సైకిలు దిగిపోయి దారి ఇచ్చింది.

"ఏటమ్మా, సైను ఊడిందేటి?"

"పెద్దవాళ్ళు వస్తున్నారు బాబాయ్. దిగకపోతే సంబంధం తప్పిపోదూ?"

ఊరందరికీ తను దిగడమేగానీ, తనకోసం ఒకళ్ళు దిగడం అప్పలసూరి ఎరగడు. కండువాతో మొహం తుడుచుకుని, బుద్ధిగా తొక్కుకుంటూ ముందుకెళ్ళాడు.

"దారిలో దిగేవా మావా?" గిరిబాబు గద్దించాడు.

వెనకాలే వచ్చిన కృపారాణి అందుకుంది. "ఆయన దిగితే నాకంటే ముందెలా వస్తారండీ? ఆఖరు నేను. కొట్టండి చప్పట్లు!"

లెక్క సరిపోయింది. గిరిబాబు తల గోక్కున్నాడు. చప్పట్లు మోగాయి. విచిత్రం, అవి ఆమెకి చెడ్డగా ఏమీ వినిపించలేదు. తనూ రెండు కొట్టింది.

"కొనేవోడు దొరికినాడు" అని విక్టరు మెల్లిగా అన్నాడు.

"ఇంకో సైకిలు చూసుకోమనండి" అంది కృపారాణి.

గిరిబాబు ఫొటోకి అందర్నీ సైకిళ్ళెక్కించి వరసలో నిలబెట్టాడు. సరిగ్గా అప్పుడే ఓ లారీ వచ్చి ఆగింది. డ్రైవరు గబగబా దిగాడు.

"మావా! సంబంధాలు సూస్తన్నారా అని అడిగి, నా నంబరు తీసుకోకుండా ఎల్లిపోనావేటి?"

గిరిబాబు నోట్లో విజిల్ నోట్లోనే ఉండిపోయింది. "ఎవరండీ ఈయన?" అని టీచరుని అడిగాడు.

ఆమె జవాబు వెతుక్కునేలోగా అప్పలసూరి మళ్ళీ దిగాడు.