ముగ్గురన్నదమ్ముల సినిమా

మా నాయన చర్చిలో సంఘపెద్ద. సినిమా హాలు గుమ్మం తొక్కితే నరకానికి సగం దూరం నడిచినట్టేనని ఆయన నమ్మకం. అందుకని జలదంకి బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే మా అన్న ముప్పై ఏళ్లొచ్చినా సినిమా చూడలేదు. నేను మాత్రం దొంగతనంగా చాలా చూశాను.

తమ్ముడు చనిపోయిన రెండు నెలలకు వాడి ట్రంకుపెట్టె తెచ్చుకుందామని అన్నా నేనూ ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్లాం. వాడు అక్కడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేవాడు. వార్డెను సాయంత్రం అయిదుకు గానీ రాడన్నారు.

"అయిదు దాకా ఈడ ఏం చేస్తాంరా? పా, సినిమాకి పోదాం" అన్నాడు అన్న.

సినిమా మాట అన్న నోట రావడమే వింత. ఆ రెండు నెలల్లో అన్న నాతో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. మాట్లాడకపోవడానికి కారణం నాకు తెలుసు. తమ్ముడు పచ్చకామెర్లతో ఇంటికి వచ్చినప్పుడు, నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపొమ్మని నాకు చెప్పి అన్న జలదంకికి డ్యూటీకి వెళ్లాడు. నేను వాణ్ణి మర్రిపాడు వైపు పసరు మందుకు తీసుకుపోయాను. ఊళ్లో అందరికీ దానితోనే తగ్గింది మరి. తొమ్మిది రోజులు ఉప్పు లేని మజ్జిగన్నం పెట్టాలి, ఇంగ్లీషు మందు తగలనివ్వకూడదు, తగిలితే పసరు విరిగిపోతుంది అన్నారు. ఆరో రోజు తమ్ముడు నన్ను గుర్తుపట్టలేదు. ఇంకో మూడు రోజులే కదా అన్నాన్నేను. అంత తెలివి నాది. మర్నాడు పోయాడు.

మ్యాటినీ. తెర మీద ముగ్గురన్నదమ్ములు. మూడోవాడు లారీ కింద పడి చచ్చిపోయాడు. తెలిసుంటే ఆ హాలు ఛాయలకు కూడా పోయేవాళ్లం కాదు. లేచిపోదామని అన్న చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. తెర మీద మిగిలిన ఇద్దరూ ఒకే ఇంట్లో మాటల్లేకుండా తిరుగుతున్నారు. చివరికి పెద్దవాడు రెండోవాణ్ణి కావలించుకుని, "నీ తప్పేం లేదు తమ్ముడూ" అన్నాడు. హాల్లో ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. నేను తెర చూడటం మానేసి అన్న మొహమే చూస్తున్నాను. ఆ మాట అన్న నోట వస్తుందేమోనని నా ఆశ. సిగ్గు లేని ఆశ.

బయటికొచ్చాక ఎండలో నేనే అడిగేశాను. "అన్నా, నన్ను ఏమన్నా అనన్నా. ఊరికే ఉండబాక."

అన్న రోడ్డు వైపు తిరిగాడు. "ఆ సినిమాలో అన్న మాదిరి నేను చెప్పలేనురా. తప్పు నీదే. నిన్ను నమ్మి పోయినాను, నాది కూడా."

పెట్టె తీసుకుని బస్సెక్కాం. అన్న డ్రైవరు వెనక సీట్లో, పెట్టె పక్కన కూర్చున్నాడు. వెనక నా పక్కన చోటున్నా రాలేదు. రమ్మనే ధైర్యం నాకు లేకపోయింది. ఇక జన్మలో అన్న నాకు లేడనుకున్నాను.

ఊరు దాటాక కండక్టరు అన్న దగ్గర ఆగి ఎంతమందని అడిగాడు. అన్న వెనక్కి తిరగకుండానే చెయ్యి నా వైపు చూపించాడు.

"ఉదయగిరికి రెండు. వాడు మా తమ్ముడు."

ముందు సీటు కమ్మీకి తల ఆనించి, బస్సంతా వినేటట్టు ఏడ్చాను.